తుమ్ముకూ ఉబ్బసానికీ చుట్టరికం

పట్నంలో డాక్టర్ల వీధికి వెళ్ళి బోర్డులు చదవండి. చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు ఒకచోట ఉంటారు. ఊపిరితిత్తుల డాక్టరు మరోచోట ఉంటారు. తెల్లవారగానే వరుసగా పది పదిహేను తుమ్ములు తుమ్మే మనిషి మొదటి డాక్టరు దగ్గరికి వెళతాడు. అర్ధరాత్రి ఆయాసంతో లేచి కూర్చునే మనిషి రెండో డాక్టరు దగ్గరికి వెళతాడు. చిత్రమేమిటంటే, చాలాసార్లు ఈ ఇద్దరూ ఒక్క మనిషే! బోర్డులు రెండైనా గాలి వెళ్ళే దారి ఒక్కటే. ఆ దారి సంగతి ఇప్పుడు తెలుసుకుందాం.

ఉబ్బసం పిల్లలకూ వస్తుంది, పెద్దలకూ వస్తుంది. చిన్నప్పుడు ఏ ఆయాసమూ ఎరగని వాళ్ళకు ముప్ఫై, నలభై ఏళ్ళ వయసులో కొత్తగా మొదలవడం కూడా ఉంది. ఇక్కడ ముఖ్యంగా పెద్దవాళ్ళ గురించే చెప్పుకుందాం. “పెద్దవాళ్ళ జబ్బుల సంగతి మాకెందుకు?” అంటారా? మీ ఇంట్లో అమ్మో, నాన్నో, బాబాయో నెలల తరబడి తుమ్ముతూ “ఆఁ, జలుబే కదా!” అని తీసిపారేస్తూ ఉండవచ్చు. అది ఉత్త జలుబు కాకపోవచ్చునని వాళ్ళకు చెప్పవలసింది మీరే కావచ్చు.

ముక్కు చేసే పనులు

ఒక చిన్న అద్దం తీసుకుని ముక్కు కింద పెట్టి గాలి వదలండి. అద్దం మసకబారుతుంది. లోపలి నుంచి వచ్చే గాలి వెచ్చగా, తడిగా ఉందన్నమాట. బయటి గాలి చల్లగా, పొడిగా ఉన్నా ఊపిరితిత్తులకు చేరేసరికి వెచ్చగా, తడిగా మారాలి. ఆ పనిలో ఎక్కువ భాగం ముక్కే చేస్తుంది.

ఎంత గాలికి ఈ పని చేయాలో లెక్క కట్టండి. ఊరికే కూర్చున్న పెద్ద మనిషి ఒక్కసారి పీల్చే గాలి సుమారు అర లీటరు. నిమిషానికి 14 సార్లు పీలుస్తాడనుకుంటే 7 లీటర్లు. రోజుకు 1,440 నిమిషాలు. అంటే రోజుకు పదివేల లీటర్లకు పైమాటే! 200 లీటర్ల నీళ్ళ డ్రమ్ములయితే యాభై నిండుతాయి.

అంత గాలినీ ముక్కు వెచ్చబెడుతుంది, తడి చేస్తుంది, వడపోస్తుంది. ముక్కు లోపలి గోడలకు మడతలున్నాయి. వాటిమీద జిగురైన పొర ఒకటి ఉంటుంది. గాలిలోని దుమ్ము ఆ జిగురుకు అంటుకుంటుంది. ఆ పొర కింద కంటికి కనబడని నూగు వెంట్రుకలు వరిచేలో పైరులా ఊగుతూ, జిగురును గొంతువైపు నెడుతూ ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఊపిరితిత్తులలోకి వెళ్ళే గొట్టాలను శ్వాసనాళాలు అంటారు. వాటి లోపలా ఇటువంటి పొరే ఉంది. అవే రకం కణాలు, అదే జిగురు, అవే నూగు వెంట్రుకలు. ముక్కులోని వెంట్రుకలు వెనక్కి, గొంతులోకి ఊడుస్తాయి. శ్వాసనాళాలలోని వెంట్రుకలు పైకి, గొంతులోకే ఊడుస్తాయి. రెండు చీపుళ్ళూ చెత్తను ఒక్కచోటికే చేరుస్తున్నాయి! ముక్కు వీధి గుమ్మమయితే ఊపిరితిత్తులు లోపలి గదులు. ఇల్లు మాత్రం ఒక్కటే.

తాడును చూసి పామనుకుంటే

మన శరీరానికి ఒక రక్షణ వ్యవస్థ ఉంది. రోగక్రిములు లోపలికి వస్తే అది వాటితో పోరాడుతుంది. అది లేకపోతే మనం బతకలేం. కాని కొందరిలో ఈ కాపలాదారు చీకట్లో తాడును చూసి పామనుకునే మనిషిలా ప్రవర్తిస్తాడు. పూల పుప్పొడి, ఇంటి దుమ్ము, పిల్లి చర్మపు పొట్టు ఇవేవీ నిజానికి శత్రువులు కావు. అయినా వాటిమీద యుద్ధం ప్రకటిస్తాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినట్లన్నమాట. దీనినే ఎలర్జీ అంటారు. ఆ పేరును 1906లో వియన్నా నగరపు పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పెట్టాడు.

యుద్ధం ఇలా సాగుతుంది. పుప్పొడిని శత్రువని పొరబడిన శరీరం దానికోసం ప్రత్యేకంగా ఒక రకం ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, తయారుచేస్తుంది. వాటి పేరు ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ. 1966లో అమెరికాలోని డెన్వర్‌లో ఇషిజాకా అనే జపాను దంపతులు ఈ రకాన్ని కనుగొన్నారు. ఆ వెంటనే 1967లో స్వీడన్ శాస్త్రజ్ఞులు జోహాన్సన్, బెన్నిక్ కూడా విడిగా దీనిని కనుగొన్నారు. ఈ ప్రతిరక్షకాలు వెళ్ళి మాస్ట్ కణాలనే వాటి ఒంటినిండా అతుక్కుని కూర్చుంటాయి. మాస్ట్ కణాలు మందుగుండు దట్టించిన సంచులవంటివి. మళ్ళీ ఆ పుప్పొడి వచ్చి తగిలిందా, సంచులు విచ్చుకుని హిస్టమిన్ మొదలైన రసాయనాలు బయటకు చిమ్ముతాయి.

ఇది ముక్కులో జరిగితే దురద, వరస తుమ్ములు, నీళ్ళు కారడం. లోపలి రక్తనాళాలు ఉబ్బి ముక్కు దిబ్బడ వేస్తుంది. శ్వాసనాళాలలో జరిగితే కథ ఇంకొంచెం కష్టం. ఆ గొట్టాల చుట్టూ కండరాల పట్టీలున్నాయి. అవి బిగుసుకుంటాయి. లోపలి పొర వాస్తుంది. చిక్కని కళ్ళె పేరుకుంటుంది. దారి ఇరుకై గాలి పిల్లికూతలు కూస్తుంది. అదే ఉబ్బసం. యుద్ధం ఒక్కటే, రణరంగాలు రెండు.

ఒక హెచ్చరిక. పోపులో ఎండుమిరపకాయ మాడితే ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. అది ఎలర్జీ కాదు. ఘాటుకు ఎవరైనా తుమ్మవలసిందే! నలుగురికీ ఏమీ కానిచోట ఒక్కరే తుమ్ముతుంటే ఎలర్జీ ఉందేమోనని అనుమానించాలి.

మొదటి రోగి ఒక డాక్టరే

1819లో లండన్ వైద్యుల సభలో జాన్ బోస్టాక్ అనే డాక్టరు ఒక రోగి కథ చదివి వినిపించాడు. ఆ రోగికి ఏటా వేసవి రాగానే కళ్ళు మండుతాయి, ముక్కు కారుతుంది, తుమ్ములు వస్తాయి, ఆపైన ఛాతీ పట్టేసి ఊపిరి ఆడదు. ఆ రోగి మరెవరో కాదు, బోస్టాకే! ఈ జబ్బు గురించిన మొదటి స్పష్టమైన వైద్య వర్ణన ఇదే. చూశారా, ఆ మొదటి వర్ణనలోనే ముక్కూ ఛాతీ పక్కపక్కన ఉన్నాయి.

బోస్టాక్ దీనికి కారణం వేసవి వేడి అనుకున్నాడు. అసలు కారణం తేల్చినవాడు మాంచెస్టరు డాక్టరు చార్లెస్ బ్లాక్లీ. ఆయనకూ ఇదే బాధ ఉండేది. జిగురు పూసిన గాజుపలకలను ఆరుబయట పెట్టి గాలిలోని పుప్పొడిని పట్టాడు. గాలిపటాలకు కట్టి పైకి కూడా ఎగరేశాడు! పలకలకు అంటుకున్న పుప్పొడి రేణువులను లెక్కపెట్టాడు. రేణువులు పెరిగిన రోజుల్లో తన బాధ పెరిగిందని చూశాడు. 1873లో ఆ ఫలితాలను పుస్తకంగా ప్రచురించాడు.

ఒక చిక్కుముడి

ఇక్కడ తెలివైన పాఠకులకు ఒక సందేహం రావాలి. గాలిలో ఎగిరే పుప్పొడి రేణువులు చాలామటుకు 15 నుంచి 40 మైక్రాన్లుంటాయి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అంతలావు రేణువులలో ఎక్కువ భాగం ముక్కులోనే చిక్కుకుపోతాయి. మరి లోపలికి చేరని పుప్పొడి శ్వాసనాళాలనెలా బాధిస్తుంది?

దీనికి జవాబు వెతకడానికి హాలెండులోని వైద్యులు 2000, 2001 సంవత్సరాలలో రెండు ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ముక్కు ఎలర్జీ ఉండి, ఉబ్బసం లేని మనుషులను ఎన్నుకున్నారు. మొదటి ప్రయోగంలో సన్నని గొట్టం ద్వారా ఊపిరితిత్తులలో ఒక్క భాగంలోనే ఎలర్జీ పదార్థాన్ని ఉంచారు. ఒక రోజు తరువాత చూస్తే, ఏమీ తగలని ముక్కులో కూడా వాపు లక్షణాలు కనిపించాయి! రెండో ప్రయోగం దీనికి తలకిందులు. పదార్థాన్ని ముక్కులో మాత్రమే పెట్టారు. ఒక రోజు తరువాత శ్వాసనాళాల పొరలో ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పెరిగాయి. ఎలర్జీ యుద్ధంలో ముందుండే సైనికులు ఇవే.

పుప్పొడి వెళ్ళని చోటికి కబురు ఎలా వెళ్ళింది? రక్తం ద్వారా. ముక్కులో పోరు మొదలవగానే రసాయన సందేశాలు రక్తంలో కలుస్తాయి. ఎముకల మూలుగలో కొత్త సైనికులు తయారవుతారు. వాళ్ళు ముక్కుకే కాక శ్వాసనాళాలకూ చేరతారు. గుమ్మం దగ్గర గొడవయితే లోపలి గదుల్లో కూడా కర్రలు పట్టుకుని లేచినట్లు!

రెండో దారి ఇంకా తేలిక. ముక్కు దిబ్బడ వేసినప్పుడు మనం నోటితో పీలుస్తాం. అప్పుడు చల్లని, పొడి గాలి వడపోత లేకుండా లోపలికి పోతుంది. ఉబ్బసం ఉన్న చిన్న వయసువాళ్ళ చేత వ్యాయామం చేయించి చూసిన ఒక పరిశోధన 1978లో వెలువడింది. ముక్కుతోనే పీల్చినప్పుడు వాళ్ళ శ్వాసనాళాలు బిగుసుకోవడం బాగా తగ్గింది. నోటితోనే పీల్చినప్పుడు ఎక్కువైంది.

మూడో దారి, రేణువులు పగిలి నలుసులు కావడం. దీని ఫలితం ఎంత ఘోరంగా ఉండవచ్చో ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్న్ నగరం చూసింది. 2016 నవంబరు 21 సాయంత్రం అక్కడ పెద్ద ఉరుముల గాలివాన వచ్చింది. అది అక్కడ రైగడ్డి పూసే కాలం. వాన తేమకు పుప్పొడి రేణువులు పగిలి, ఊపిరితిత్తుల లోతుల దాకా పోగల సన్నని నలుసులుగా మారాయని, గాలి వాటిని నేలమట్టానికి తెచ్చిందని శాస్త్రజ్ఞుల వివరణ. ఒక రోజు పైచిలుకు వ్యవధిలో మామూలుకన్నా మూడు వేలమందికి పైగా అదనంగా ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు. పదిమంది చనిపోయారు. ఆసుపత్రులకు వచ్చినవారిలో చాలామందికి అంతకుముందు ఉన్నది ముక్కు ఎలర్జీ మాత్రమే. తమకు ఉబ్బసం ఉందని వాళ్ళకు తెలియనే తెలియదు.

లెక్కలు ఏమంటున్నాయి?

ఎక్కువగా పశ్చిమ యూరపుకు చెందిన 14 దేశాలలో 20 నుంచి 44 ఏళ్ళ వయసుగల, ఉబ్బసం లేని 6,461 మందిని సుమారు తొమ్మిదేళ్ళు గమనించారు. ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ముక్కు బాధగాని, ఎలర్జీగాని లేనివారిలో నూటికి సుమారు ఒకరికి కొత్తగా ఉబ్బసం వచ్చింది. ముక్కు ఎలర్జీ ఉన్నవారిలో నూటికి నలుగురికి వచ్చింది. తక్కిన కారణాలన్నీ లెక్కలోకి తీసుకున్నా ముప్పు మూడున్నర రెట్లని తేలింది.

ఈ లెక్కను రెండువైపులా చదవాలి. నలుగురికి వచ్చిందంటే తొంభై ఆరుగురికి రాలేదన్నమాటే గదా! కనుక తుమ్మినవాళ్ళందరికీ ఉబ్బసం వస్తుందని భయపడనక్కరలేదు. కాని ఉబ్బసం ఉన్నవారివైపు నుంచి చూస్తే, వాళ్ళలో నూటికి 80 మందికి పైగా ముక్కు బాధ కూడా ఉంటుందని నిపుణుల అంచనా. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో సమావేశమైన నిపుణులు 2001లో ఒక నివేదిక ప్రకటించారు. దాని సారాంశం ఇది: ముక్కు ఎలర్జీ ఎడతెగకుండా ఉన్నవారికి ఉబ్బసం ఉందేమో చూడాలి, ఉబ్బసం ఉన్నవారికి ముక్కును కూడా పరీక్షించాలి.

మన చుట్టూ ఉన్న నేరస్థులు

మన ఊళ్ళలో ఈ బాధకు కారణమయ్యేవాటిలో మొదటిది ఇంటి దుమ్ములో బతికే నల్లివంటి పురుగు. మిల్లీమీటరులో మూడో వంతే ఉంటుంది కనుక కంటికి ఆనదు. పరుపుల్లో, దిండ్లలో చేరి మన చర్మం నుంచి రాలే పొట్టు తిని బతుకుతుంది. దాని విసర్జనమే ముఖ్యంగా ఎలర్జీ కలిగిస్తుంది. దుప్పట్లు, గలేబులు వారానికోసారి బాగా వేడి నీళ్ళలో ఉతికి, పరుపులు ఎర్రటి ఎండలో వేయడం మంచిది. దులిపే పని మాత్రం బాధలేని వాళ్ళు, ఇంటి బయట చేయాలి.

ఇక బొద్దింకలు, వానాకాలం గోడలకు పట్టే బూజు, పిల్లి కుక్కల చర్మపు పొట్టు ఉన్నాయి. రోడ్ల పక్కన క్యారెట్ ఆకులవంటి ఆకులతో, చిన్న తెల్లపూలతో గుబురుగా పెరిగే వయ్యారిభామ మీరు చూసే ఉంటారు. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ కలుపును 1950ల నడిమిలో మన దేశంలో పూనా దగ్గర గుర్తించారు. దీని పుప్పొడి చాలామందికి పడదు. పిండిమరలో పిండి దుమ్ము, వడ్రంగి దగ్గర కొన్ని కలపల పొట్టు కూడా ఇటువంటివే. అక్కడ పనిచేసేవారికి తరచు ముందు తుమ్ములు వస్తాయి. ఆయాసం తరువాత వస్తుంది. అంటే ముక్కు ముందుగానే గంట కొడుతోందన్నమాట!

మరొకటి. కొందరు పెద్దవాళ్ళకు ముక్కులో మెత్తని కండలు పెరుగుతాయి. వాళ్ళలో కొందరికి ఉబ్బసం ఉండి, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు వేసుకుంటే తీవ్రమైన ఆయాసం వస్తుంది. ఈ మూడింటి కలయికను ఫ్రాన్సులో విడాల్ 1922లోనే వర్ణించాడు. ఇది పుప్పొడి ఎలర్జీ వంటిది కాదు గాని, ముక్కుకూ శ్వాసనాళాలకూ ఉన్న చుట్టరికానికి ఇంకో సాక్ష్యం. అటువంటివారు డాక్టరును అడగకుండా నొప్పి మాత్ర వేసుకోకూడదు.

చికిత్స మాటేమిటి?

ముక్కు ఎలర్జీకి హిస్టమిన్‌ను అడ్డుకునే మాత్రలు, వాపు తగ్గించే ముక్కు స్ప్రేలు ఉన్నాయి. ఉబ్బసానికి ఇన్‌హేలరు ద్వారా పీల్చే మందులున్నాయి. “ఇన్‌హేలరు ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుంది” అని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. మందు నేరుగా శ్వాసనాళాలకు చేరుతుంది కనుక మాత్రలకన్నా చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. ముక్కును బాగుచేసుకుంటే ఉబ్బసాన్ని అదుపులో పెట్టడం తేలికవుతుంది. అయితే ముక్కు మందు ఉబ్బసం మందుకు బదులు కాదు. రెండూ ఉన్నవారు రెండింటికీ చికిత్స చేయించుకోవాలి.

ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాదులో చేపమందు కోసం వేలమంది బారులు తీరతారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయ పరీక్షలలో రుజువు కాలేదు. ఎవరి నమ్మకం ఎలా ఉన్నా, డాక్టరు ఇచ్చిన మందును మధ్యలో మానడం ప్రమాదం. ఊపిరాడక మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి.

మీరూ బ్లాక్లీ కండి

ఒక గాజుపలకకు పలచగా వాజలీను పూసి ఒక పగలంతా మేడమీద ఉంచండి. తరువాత బడిలోని సూక్ష్మదర్శినితో చూడండి. గుండ్రనివి, ముళ్ళున్నవి, మూడు మూలలవి, రకరకాల రేణువులు కనిపిస్తాయి. వారానికోసారి ఇలాగే చేసి రేణువులు లెక్కపెట్టి పట్టిక రాయండి. తుమ్ములు, ఆయాసం ఉన్నవారు ఈ ప్రయోగానికి దూరంగా ఉండాలి.

ఆ తరువాత ఇంట్లో రోజూ తుమ్మే పెద్దవారిని కూర్చోబెట్టి ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. జ్వరం లేకుండా తుమ్ములూ దురదా వారాల తరబడి ఉంటున్నాయా? ఒకే కాలంలో, లేదా ఒకే చోట ఎక్కువవుతున్నాయా? రాత్రిపూట దగ్గుతో గాని ఆయాసంతో గాని మెలకువ వస్తోందా? మెట్లెక్కినప్పుడు ఛాతీ పట్టేసి పిల్లికూతలు వినిపిస్తున్నాయా? మొదటి రెండింటికీ అవునంటే ముక్కు సంగతి డాక్టరుకు చెప్పాలి. తక్కిన రెండింటిలో ఏ ఒక్కదానికి అవునన్నా ఊపిరితిత్తులను కూడా పరీక్ష చేయించుకోవాలి. ఊపిరి ఎంత జోరుగా బయటికి ఊదగలరో కొలిచే చిన్న పరీక్ష ఉంది. అందులో సూదిపోటు లేదు, నొప్పి లేదు. “జలుబే కదా!” అని వాళ్ళు మళ్ళీ అంటే, మీరు మాత్రం ఊరుకోకండి.